జోజప్పను ఎత్తుకెళ్లిన ఏడు

మా అత్త పెర్పేతువా, నేను దేవుడున్నాడా లేడా అని పదకొండేళ్లు వాదించుకున్నాం. ఆమె ఒక్కసారీ ఓడిపోలేదు, నేనూ ఓడిపోలేదు. మా సియరా సీమలో నీళ్లకూ గడ్డికీ గింజలకూ కరువొచ్చింది గానీ మా ఇంట్లో మాటకు మాత్రం ఎప్పుడూ కరువు రాలేదు. ఆ వాదన ఎక్కడ ఆగిపోయిందో ఇప్పటిదాకా ఎవరికీ చెప్పలేదు. మా ఆయన అనీజియో పోయిన ఏడు కన్నుమూశాడు కాబట్టి ఇక చెప్పొచ్చు.

అది కరువు పట్టిన మూడో ఏడు. డిసెంబరులో, లూసియమ్మ పండుగకు ముందు సాయంత్రం, అత్త ఎప్పటిలాగే ఒక చెక్క పలక మీద ఆరు ఉప్పు కల్లులు వరసగా పేర్చి పెరట్లో మంచుకు పెట్టింది. జనవరి నుంచి జూన్ దాకా నెలకొక కల్లు. తెల్లారేసరికి ఏది కరిగి ఉంటే ఆ నెలలో వాన పడుతుందని లెక్క. మా ఊరు కసింబాలో ఉన్నవి పద్నాలుగు ఇళ్లు, పద్నాలుగు పెరళ్లలోనూ ఆ రోజు పలకలు ఉంటాయి. బడిపంతులమ్మనైన నా పెరట్లో కూడా ఉండేది, ఎందుకంటే పెరడు నాది కాదు, అత్తది.

పొద్దున చూస్తే అయిదు కల్లులు పెట్టినవి పెట్టినట్టే ఉన్నాయి. మూడోది, అంటే మార్చి నెలది, లేదు. కాస్త కరగడం, తగ్గడం కాదు, అసలు లేదు. ఆ చోట పలక తడిసి నల్లబడింది. అబ్దియాస్‌ను పిలిపించారు. చీమల బారులూ పిట్ట గూళ్లూ చూసి నలభై ఏళ్లుగా ఊరికి వాన చెప్పే ముసలాయన ఆయన. పలక ముందు గొంతుక్కూర్చుని చాలాసేపు చూసి, నెత్తిన ఉన్న తోలు టోపీ తీసి మోకాలి మీద పెట్టుకున్నాడు.

"ఇట్లా పోవడం నేనెప్పుడూ చూడలేదు తల్లీ," అన్నాడు మా అత్తతో. "వాన వస్తాది. మంచికి వస్తాదో చెడ్డకు వస్తాదో నాకు తెలీదు."

మేక నాకి ఉంటుందిలే అన్నాను నేను. ఎవరూ నవ్వలేదు. ఉప్పు గాలిలో తడిని పీలుస్తుంది, డిసెంబరు గాలికి మార్చి నెల సంగతి ఎవరు చెప్పారు అని కూడా అన్నాను. అత్త పలకను శాలువా కింద పెట్టుకుని లోపలికి తీసుకెళ్లింది, ఉప్పు వింటుందేమోనన్నట్టు.

నాకు దేవుడి మీద కోపమని ఊళ్లో చాలామంది అనుకునేవాళ్లు. కోపం లేదు. తప్పిపోయిన మేకను వెతికినట్టు వెతికాను. ఉన్నాడని వాళ్లు చెప్పిన ప్రతి చోటికీ వెళ్లాను, గుడికి వెళ్లాను, జపమాల తిప్పాను, యాత్రల బండి ఎక్కి రెండు రోజులు ఎండలో కూర్చున్నాను. కనబడలేదు. కనబడని మేకను కనబడిందని ఇంటికొచ్చి చెప్పడం నాకు చేతకాలేదు, అంతే. దానికి తోడు ప్రభుత్వం వాళ్లు బడి దగ్గర వాన కొలిచే డబ్బా ఒకటి పెట్టి ఆ పని నాకు అప్పగించారు. రోజూ ఉదయం ఏడింటికి చూసి పుస్తకంలో రాయాలి. పదకొండేళ్ల వాన నా దగ్గర ఉంది. ఎవరి ప్రార్థనకు ఎంత వాన పడిందో నన్ను మించి తెలిసినవాళ్లు కసింబాలో లేరని నాకు గర్వంగా ఉండేది.

ఆ ఏడు కరువు పనుల కింద ఊరికి ఎగువన వాగుకు అడ్డంగా చెరువు కట్ట వేస్తున్నారు. అనీజియో ఆ పనికి మేస్త్రీ. మట్టి కట్ట గట్టిపడాలంటే పొరపొరకూ నీళ్లు చల్లి దిమ్మిస కొట్టాలి. చెలమలో పూటకు నాలుగు బిందెలు ఊరితే గొప్పైన చోట కట్టకు చల్లడానికి నీళ్లెక్కడివి? పొడి మట్టి పోశారు, పొడి మట్టినే దిమ్మిసలతో కొట్టారు. పైగా కట్టకు అలుగు లేదు. చెరువు నిండితే ఎక్కువైన నీళ్లు పక్కనుంచి పారిపోవడానికి దారి తీయాల్సిన చోట పెద్ద బండ అడ్డం వచ్చింది. దాన్ని పగలగొట్టడానికి పట్నం నుంచి పేలుడు మందు రావాలి. జీపులో వచ్చే ఇంజనీరు వచ్చినప్పుడల్లా కట్ట ఎత్తు కొలుచుకుని, మందు వచ్చే నెల వస్తుందని చెప్పి పోయేవాడు. దాంతో కట్ట పెరుగుతూ పోయింది, అలుగు కాగితం మీదే ఉండిపోయింది. కట్టకు దిగువన వాగు ఒడ్డునే మా పద్నాలుగు ఇళ్లు. చెలమలు అక్కడే ఉన్నాయి కాబట్టి తాతల నాటి నుంచీ అందరూ అక్కడే కట్టుకున్నారు.

ఫిబ్రవరిలో ఒకరోజు అనీజియోకు మధ్యాహ్నం తిండి తీసుకుని కట్ట మీదికి వెళ్లాను. ఉడికించిన అలసందలు, వాటి మీద చల్లుకోవడానికి గుప్పెడు కర్రపెండలం పిండి. మనుషులంతా కట్ట నీడన కూర్చుని ఉన్నారు. కాలితో కట్ట అంచును తన్నితే దుమ్ము లేచింది. లోపల కూడా ఇట్లాగే ఉందా అని అడిగాను. అనీజియో అలసందల మీద పిండి చల్లుకున్నాడు. మరి నిండితే నీళ్లు ఎటు పోతాయి అని అడిగాను.

"ముందు నిండనియ్యి టీచరమ్మా," అన్నాడు ఒకడు. "మూడేండ్ల నుంచి పిల్లోడు ఉచ్చ పోసినంత వాన లేదు. నువ్వేమో వరదకు భయపడతాండావు."

అందరూ నవ్వారు. నాకు తిక్క రేగింది.

"సాయంత్రం మోకాళ్ల మీద కూర్చుని వాన అడుగుతారు. పొద్దున లేచి వాన రాదన్నట్టు కట్ట కడతారు," అన్నాను. "ఆ రెండిట్లో మీరు నమ్మేది ఏది? నాకు మీరు వాన అడిగే ఆ జోజప్ప సాధువు మీద నమ్మకం లేదు. కానీ వాన మీద ఉంది. అది ఎప్పుడో ఒకప్పుడు పడుతుంది, మీరు అడిగినా అడక్కపోయినా."

ఇంటికొచ్చాక అనీజియో పనివాళ్ల ముందు తన పరువు తీయొద్దన్నాడు. గొంతు పెంచలేదు, ఎప్పుడూ పెంచే మనిషి కాదు. కాసేపటికి తనే, కట్టను ఆపితే కరువు పని ఆగిపోతుందని, పని ఆగితే పద్నాలుగు ఇళ్లలో పొయ్యి వెలగదని చెప్పాడు. మార్చి ఆఖరుకు మందు రాకపోతే గునపాలతోనైనా బండ తొలుస్తానన్నాడు. ఆ మాట అంటున్నప్పుడు నా కళ్లలోకి చూడలేదు. అతనికీ భయంగానే ఉందని నాకు అప్పుడే తెలిసింది, నాకున్న కొద్దిపాటి ధైర్యమూ పోయింది.

మా ఇంట్లో గోడ గూట్లో జానెడున్నర చెక్క జోజప్ప ఉండేవాడు. ముక్కు దగ్గర రంగు పోయింది, ఒక చేతికి రెండు వేళ్లు లేవు. ఊళ్లో చెక్క జోజప్ప అదొక్కటే, మిగతా ఇళ్లలో ఉన్నవి కాగితం పటాలు. వానలు రాని ఏడు ఎవరో ఒకరు ఆయన్ను ఎత్తుకెళ్లి దాచాలి. ఎవరు తీశారో ఎవరికీ చెప్పకూడదు. ఇంటివాళ్లు తీస్తే దొంగతనం కిందికి రాదు, పరాయి చెయ్యి పడాలి. వాన కురిశాక ఊరంతా దాచిన చోటికి వెళ్లి, పాటలు పాడుతూ ఆయన్ను ఊరేగించుకుని తిరిగి ఇంటికి చేరుస్తారు. ఇంటి యజమానురాలు మాత్రం వాళ్లతో వెళ్లదు. బల్ల మీద తెల్లగుడ్డ పరిచి, కొవ్వొత్తి వెలిగించి, తలుపు బార్లా తీసి గుమ్మంలో ఆయన కోసం ఎదురుచూస్తుంది. ఇవన్నీ నాకు తెలుసు, మనం ఆడని ఆట నియమాలు తెలిసినట్టు.

ఆ ఫిబ్రవరిలో మాత్రం ఎవరూ తీయలేదు. మా పక్కింటి ఇదాలినా తీస్తుందిలే అని అబ్దియాస్, అబ్దియాస్ తీస్తాడని ఇదాలినా. అత్త రోజూ మధ్యాహ్నం తలుపు తీసిపెట్టి, ఊరంతా వినేటట్టు "నేను చెలమ కాడికి పోతాండా, తొందరగా రాను" అని చెప్పి మరీ వెళ్లేది. తిరిగొచ్చి చూస్తే జోజప్ప గూట్లోనే ఉండేవాడు. ఆమె ముఖం చూస్తే పెళ్లిచూపులకు ఎవరూ రాని ఇంటి తల్లి ముఖంలా ఉండేది. ఒకరోజు నవ్వు ఆపుకోలేక అడిగాను, దొంగ దొరక్కపోతే వాడి తమ్ముణ్ణి పట్టుకుపోయే పోలీసులకూ మీకూ తేడా ఏమిటని, సాధువును బందీ చేస్తే దేవుడు దిగొస్తాడా అని.

అత్త అలసందల్లో రాళ్లు ఏరుతోంది. చేట మీంచి కళ్లెత్తలేదు.

"బందీ కాదు మే. ఇంటి మీద బెంగ పుట్టిస్తాం. బెంగ పడినోడు తొందరపడతాడు."

నేను నా పుస్తకం తెచ్చాను. పదకొండేళ్లలో జోజప్పను ఎత్తుకెళ్లింది నాలుగేళ్లు, అందులో వాన పడింది రెండేళ్లు. ఎత్తుకెళ్లనివి ఏడేళ్లు, అందులో అయిదేళ్లు మంచి వానలు. చూడు, ఆయన్ను ఇంట్లో ఉంచితేనే ఎక్కువ వాన అన్నాను.

"వాన పడే ఏడు ఆయన్ను ఎవరు తీస్తారే?" అంది అత్త. "జబ్బు చేసినోడే గదా డాక్టరు కాడికి పోయేది. డాక్టరు కాడికి పోయినోళ్లే ఎక్కువమంది చచ్చినారని పుస్తకంలో రాస్తే, అది డాక్టరు తప్పా, పుస్తకం తప్పా?"

ఆమె బడికి వెళ్లింది మొత్తం మీద నాలుగు నెలలు. పుస్తకం మూసేసి వేరే దారి పట్టాను. మీ దేవుడికి వినబడితే మూడేళ్లుగా ఎందుకివ్వలేదు, వినబడకపోతే మీరు మాట్లాడుతున్నది ఎవరితో అన్నాను.

"మీ మామతో కూడా రోజూ మాట్లాడతా. పంతొమ్మిదేండ్లాయె, ఒక్క మాట పలకలేదు. అట్లని ఆ మనిషి లేనే లేడనుకోమంటావా?"

"మామ ఉండేవాడని తెలుసు కదా అత్తా."

"నాకు తెలుసు. నువ్వు యాడ చూసినావు? ఆయన పటం గూడా లేదు ఈ ఇంట్లో. నేను చెప్తే నమ్మినావు." చేటను ఒక విసురు విసిరి రాళ్లు నేల మీద పారేసింది. "నేను చెప్పేదాంట్లో ఒకటి నమ్ముతావు, ఒకటి నమ్మవు. అదేదో నీ డబ్బాతో కొలువు."

ఆ రోజు ఆమెదే పైచేయి. ఆమెను ఎంత ప్రేమించానో ఆ పూట నాకు తెలిసి ఉంటే బాగుండేది.

జోజప్పను ఎత్తుకెళ్లింది నేనే. మార్చి మొదటి బుధవారం, అత్త చెలమ దగ్గరికి వెళ్లినప్పుడు. నమ్మకం కలిగి తీయలేదు, ఆలోచించి తీశాను. పెద్ద వాన పడితే కట్ట ఆగదు. నేను వెళ్లి ఇళ్లు వదిలి మిట్ట ఎక్కండి అంటే ఒక్కరు కదలరు. ఎవరి పిలుపుకైనా వీళ్లు పిల్లాజెల్లాతో కదులుతారంటే అది జోజప్ప పిలుపుకే. ఆయన మిట్ట మీద బడిలో ఉన్నాడంటే, వాన పడ్డ రోజున ఊరంతా మిట్ట మీద ఉంటుంది. లెక్క సరిగ్గా కుదిరింది. తువ్వాలులో చుట్టి బడి బీరువాలో, ప్రపంచ పటాల వెనకాల పెట్టి తాళం వేశాను. ఇంటి చెయ్యి పడితే చెల్లదన్న నియమం గుర్తొచ్చి లోపల నవ్వుకున్నాను కూడా.

ఖాళీ గూడు చూసి అత్త నేల మీద కూలబడి ఏడ్చింది, సంతోషంతో. ఇంటింటికీ తిరిగి మా జోజప్పను దొంగలెత్తుకుపోయినారని చెప్పుకుంది. ఆ సాయంత్రం ఎవరింట్లోనో దాచుకున్న బెల్లపచ్చు బయటికొచ్చింది, అందరికీ తలా ఒక ముక్క పంచారు. నెలల తర్వాత ఊళ్లో నవ్వులు వినబడ్డాయి. నాకు సిగ్గేసింది. అబద్ధపు మందు ఇచ్చి, జ్వరం తగ్గిందని వాళ్లు మురిసిపోతుంటే ఆ ఇంట్లోనే కూర్చున్నట్టు ఉంది.

తర్వాత పదిరోజులు ఎండ మునుపెన్నడూ లేనంతగా కాచింది. గాలి కదల్లేదు. పిట్టలు వాగు చెట్ల మీంచి వెళ్లిపోయాయి. అబ్దియాస్ ఒకరోజు బడికొచ్చి, చీమలు గుడ్లు మోసుకుని మిట్ట ఎక్కుతాండాయమ్మా అని చెప్పాడు, గడప కింద చూపించాడు కూడా. ఎందుకని అడిగాను. నన్ను అడగొద్దు, వాటినడుగు అన్నాడు. మార్చి ఆఖరుదాకా ఆగకుండా అనీజియో బండను గునపాలతో తొలిపించడం మొదలుపెట్టాడు. రోజుకు బెత్తెడు లోతు పడేది. ఆ బెత్తెడు చెప్పడానికే ఇంటికి రాగానే నా దగ్గరికి వచ్చేవాడు.

మార్చి పదిహేడున తెల్లవారుజామున వాన మొదలైంది. ఏడింటికి డబ్బా చూస్తే అరవై మిల్లీమీటర్లు దాటింది. రాసి, ఒంపేసి పెట్టాను. తొమ్మిదికల్లా నిండిపోయి పొర్లుతోంది. అంత వాన నా పుస్తకంలో లేదు. కిందికి దిగి ఇల్లిల్లూ తిరిగాను. చూరుల కింద కుండలు, బిందెలు, చివరికి దీపం చిమ్నీలు కూడా పెట్టారు. పెద్దవాళ్లు పెరళ్లలో నోళ్లు తెరుచుకుని నిలబడ్డారు. కట్ట నిలవదు, మిట్ట మీదికి రండి అని అందరినీ బతిమాలాను. ఇదాలినా నా చెంపలు రెండూ పట్టుకుని ముద్దు పెట్టింది. "మూడేండ్లకు వాన పడితే బడికి పొమ్మంటావా తల్లీ?" అంది. అనీజియో అప్పటికే కట్ట దగ్గర ఉన్నాడు. అత్త గుమ్మంలో నిలబడి అరచేతులు చూరు కింద పట్టి, ఆ నీళ్లు ముఖానికి రాసుకుంటోంది. ఆమెతో నేనేమీ చెప్పలేదు. అందరూ వచ్చేటప్పుడు ఆమె కూడా వస్తుందనుకున్నాను.

మళ్లీ మిట్ట ఎక్కి, జోజప్పను బీరువాలోంచి తీసి నల్లబల్ల కింద నా బల్ల మీద నిలబెట్టాను. గంట కొట్టాను. మిట్టకు దగ్గరి ఇల్లు అబ్దియాస్‌దే కాబట్టి ముందు ఆయనొచ్చాడు. ఇంటి చెయ్యి తీసిందంటే ఎవరూ రారు, అందులోనూ నా చెయ్యి అంటే అసలు రారు. అందుకని నా జన్మలో మొదటిసారి దేవుడి పేరు మీద అబద్ధం చెప్పాను.

"తలుపు తీసేసరికి ఇక్కడున్నాడు," అన్నాను. "తాళం వేసినట్టే ఉంది."

అబ్దియాస్ బొమ్మ వైపు చూశాడు, నా వైపు చూశాడు. నా వైపు ఎక్కువసేపు చూశాడు. తర్వాత మోకాళ్ల మీద కూర్చున్నాడు. అందర్నీ పిలువు, ఒక్కరు కూడా మిగలకూడదు, మా అత్తను కూడా తీసుకురా అని చెప్పాను. ఆ వయసులో ఆయన అంత వేగంగా దిగగలడని నేననుకోలేదు.

అరగంటలో ఊరు వచ్చింది. మంచాన పడ్డ ముసలామెను వల ఊయలలో మోసుకొచ్చారు. పాలిచ్చే మేకల్ని కూడా తోలుకొచ్చారు. బడి చాలక వసారాలో, చూరు కింద నిలబడ్డారు. పాట మొదలైంది. నేను హాజరు పిలిచే అలవాటుతో తలలు లెక్కపెట్టాను. మనుషులు నలభై నాలుగు ఉండాలి, నాతో కలిపి నలభై రెండు. లేనివాళ్లు అనీజియో, అత్త. అత్త కొడుకు కోసం కట్ట వైపు వెళ్లి ఉంటుంది, ఇద్దరూ కలిసి వస్తారు అని నాకు నేను చెప్పుకున్నాను.

అనీజియో గట్టు వెంబడి పరుగెత్తుకొచ్చాడు, ఒక్కడే. కట్ట అడుగున బురదనీళ్లు బుగ్గలుగా లేస్తున్నాయని, ఇక ఆగదని అందరికీ చెప్పి నా దగ్గరికొచ్చాడు.

"అమ్మ యాడ?"

నేను నోరు తెరిచేలోపే ఇదాలినా చెప్పింది, గర్వంగా. "ఇంటికాడనే ఉండాది. తల దువ్వుకోని, నల్ల గౌను తొడుక్కోని, బల్ల మీద తెల్లగుడ్డ పరిచింది. ఎంత రమ్మన్నా రాలేదు. నేను లేకుంటే ఆయన ఎవరింటికొస్తాడు అనింది."

పదకొండేళ్లు ఆమెతో వాదించాను. ఆమె నమ్మేవన్నీ నాకు వేళ్ల మీద తెలుసు. ఆమె వాటిని నిజంగా నమ్ముతుందన్న ఒక్క సంగతి మాత్రం నా లెక్కలోకి రాలేదు.

అనీజియో వాలులో పరుగెత్తాడు. సగం దూరం పోయాడేమో, ఎగువన మూటలు దించుతున్నట్టు ఒక చప్పుడు వినబడింది. పెద్ద చప్పుడేం కాదు. వెనక వరసల్లో ఉన్నవాళ్లకు అది కూడా వినబడలేదు, వాళ్లు ఇంకొక చరణం పాడారు. కిటికీలోంచి చూస్తే మా ఇంటి పైకప్పు కనబడాల్సిన చోట ఎర్రటి నీళ్లున్నాయి. అనీజియో మోకాళ్లలోతు నీళ్లలో నిలబడి ఉన్నాడు. పాట దానంతటదే ఆగిపోయింది.

ఆమె మూడో రోజు దొరికింది, దిగువన కర్నావుబా తాటిచెట్ల మధ్యన. నల్ల గౌను గుండీలన్నీ పెట్టినవి పెట్టినట్టే ఉన్నాయి. నలభై మూడు మంది బతికారు, ఒక్కామె పోయింది. అప్పటికే పక్క ఊళ్లకు కథ పాకింది. జోజప్ప తన కాళ్లతో తాను మిట్ట ఎక్కాడట, తాళం తీయకుండా బడిలోకి వచ్చాడట, తన జనాన్ని పిలుచుకున్నాడట. జనం గుర్రాల మీద, లారీల మీద వచ్చి నల్లబల్లను ముద్దు పెట్టుకుని పోతున్నారు. పట్నం నుంచి ఫాదర్ వచ్చాడు. నన్ను పక్కకు పిలిచి నిజంగా ఏం జరిగిందని మెల్లగా అడిగాడు. అంత్యక్రియలు అయ్యాక చెబుతానన్నాను. చెప్పాలనే అనుకున్నాను. అత్త చనిపోయింది నా వల్ల, నలభై మంది బతికింది కూడా నా వల్లే. ఆ రెండూ నావే. దేవుడికి ఒకటి ఇచ్చి నేనొకటి ఉంచుకోవడం నాకిష్టం లేదు.

ఇళ్లు లేవు కాబట్టి అందరం బడిలోనే ఉంటున్నాం. తొమ్మిదోనాటి ప్రార్థనలు అయిన మర్నాడు ఉదయం అందరూ బురదలో సామాన్లు వెతుక్కోవడానికి దిగారు. అనీజియో వెళ్లలేదు. పిల్లల బెంచీ మీద మోకాళ్లు ముడుచుకుని కూర్చున్నాడు. ఆ తొమ్మిది రోజుల్లో అతను నాతో పట్టుమని పది మాటలు కూడా మాట్లాడలేదు, ఏడవలేదు, పడుకుంటే కళ్లు తెరుచుకునే ఉండేవాడు.

"యులీనా," అన్నాడు. "నువ్వు తలుపు తీసేసరికి ఆయన అక్కడుండాడు. అంతేనా?"

నేను కట్టె పుల్లలు పొయ్యిలో పెడుతూ ఆగాను. చెప్పడానికి అంతకంటే మంచి అదను ఉండదు.

"ఎందుకడుగుతున్నావు?"

"ఆయనే వచ్చింటే, ఎవర్ని పిలుచుకోవాలో ఆయనకే తెలుసు. అమ్మను తన కాడికి పిలుచుకున్నాడు, మనల్ని ఈడికి పిలుచుకున్నాడు. దాంట్లో ఎవరి తప్పూ లేదు." అరచేతులు తిప్పి చూసుకున్నాడు. గునపం పట్టి పొక్కులు లేచి పగిలిన చేతులు. "ఆయన కాకుండా ఎవరో మనిషి పెట్టింటే మాత్రం, మా అమ్మను చంపింది కట్ట. కట్ట కట్టింది నేను. నీళ్లు చల్లకుండా దిమ్మిస కొట్టించింది నేను. ఇంజనీరు రేపు రేపంటే తలూపింది నేను."

అతను నా గురించి అడగడం లేదని అప్పుడు అర్థమైంది. నామీద అనుమానం అతని మనసుకే రాలేదు. నేను నిజం చెబితే నా తప్పు ఒప్పుకోవడం ఒక్కటే జరగదు, అతని తప్పు కూడా అతని నెత్తిన పెట్టినట్టవుతుంది. ఆ బరువుతో అతను ఆ వేసవి దాటడు. ఆ మాట అతని కళ్లలోనే ఉంది.

దేవుడు లేడని నాకు తెలిసినంత గట్టిగా అతనికి దేవుడు కావాలి. ఊరంతట్లో దాన్ని ఇవ్వగలిగినదాన్ని నేనొక్కదాన్నే, దాన్ని తీసేయగలిగినదాన్నీ నేనే.

"అవును," అన్నాను. "తాళం వేసినట్టే ఉంది."

అనీజియో బెంచీ మీద ముందుకు వాలి ఏడ్చాడు. పొయ్యి మీద నీళ్లు మరిగి ఇగిరిపోయేదాకా ఏడ్చాడు. తర్వాత బెంచీల మధ్యన నేల మీదే పడుకుని సాయంత్రం దాకా నిద్రపోయాడు. మర్నాడు లేచి బురదలోకి దిగాడు. ఫాదర్ మళ్లీ వచ్చినప్పుడు ఆయనకూ అదే చెప్పాను.

కసింబా మిట్ట మీదికి మారింది. ఆ తర్వాత అనీజియో ఇరవై ఆరేళ్లు బతికాడు. ఏటా మార్చిలో ఊరేగింపు ముందు జోజప్పను మోసింది అతనే. నేనూ వెనక నడిచేదాన్ని. టీచరమ్మ మారిపోయింది, జోజప్ప మార్చేశాడు అనుకునేవాళ్లు. నేను మారలేదు. వాన ఎట్లా పడుతుందో నాకు తెలుసు, ఉప్పు ఎందుకు కరుగుతుందో తెలుసు. ఒక కల్లు కరిగి ఒకసారి కుదిరింది, కుదరనివన్నీ నా పుస్తకంలో ఉన్నాయి.

పోయేముందు అనీజియో బొమ్మను దిండు పక్కన పెట్టించుకుని, కట్ట విషయం చాలాసేపు దానికి చెప్పుకున్నాడు. నీళ్లు చల్లని సంగతి, బండ సంగతి, అమ్మ సంగతి. చెప్పుకున్నాక ముఖం తేలికపడింది. ఆయన క్షమించాడని నాతో అన్నాడు. నిజంగానే క్షమించాడు, నేను చూశాను.

నేనూ ఒకసారి దాని ముందు కూర్చున్నాను, అనీజియోను పూడ్చిపెట్టి వచ్చిన రోజున. కాసేపు చూశాను. బీరువాలోంచి తీసి బల్ల మీద పెట్టింది నా చేతులే. తువ్వాలు విప్పినప్పుడు ఎంత బరువుందో కూడా నాకు గుర్తుంది. దానితో ఏమీ చెప్పుకోలేక లేచి వచ్చేశాను.